మూరకు వేలెడు

తయారు దుస్తులు ఎవరికైనా సరిపోతాయన్నది వాటిని అమ్మేవారి నమ్మకం. ఒక భుజం వాలిన మనిషి, ఒక చెయ్యి పొట్టిగా ఉన్న మనిషి, వెన్ను వంగిన మనిషి ఏ దుకాణపు అద్దం ముందు నిలబడినా ఆ నమ్మకం వీగిపోతుంది. మా పేటలో అటువంటివారు వెళ్ళే చోటు ఒకటే ఉంది. తాళాల దుకాణం పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే మొదటి అంతస్తులో కుట్టు కార్ఖానా. మిషన్ల వరసలు దాటి, ఇస్త్రీ ఆవిరిలోంచి నడిచి చివరికంటా వెళ్తే కొలతల గది. నా ఎడమ భుజం చిన్నప్పటినుంచీ కిందికే ఉండటం వల్ల ఆ గది నాకు బాగా తెలుసు.

దాన్ని ఏలే ఆవిడను కత్తెరక్క అంటారు. వయసులో ఆవిడకంటే పెద్దవారు కూడా అక్క అనే పిలుస్తారు. దారాలు తెంపే పనితో చేరి, కత్తిరించే బల్లదాకా ఎదిగి, ఆ బల్లనే సింహాసనం చేసుకున్న మనిషి. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, నుదుటి మీదికి తోసుకున్న కళ్ళజోడు. వినయం ఆమె సుగుణాలలో లేదు. ఉన్నట్టు నటించడం అసలే లేదు. కొలతలిచ్చేటప్పుడు ఎవరైనా సిగ్గుతో ముడుచుకుంటే, "దేవుడు తొందరలో కుట్టాడు, నేను తీరిగ్గా సరిచేస్తాను. కదలకుండా నిలబడు" అంటుంది. ఆ మాట విన్నాక చాలామంది నిటారుగా నిలబడటం నేను చూశాను.

ఆ గది మూతపడబోయి ఆగిన వైనం ఇది. కొంత నేను కళ్ళారా చూశాను. మిగిలింది కత్తెరక్క, ఆమె కోడలు, గుండీలు కుట్టే పిన్ని విడివిడిగా చెప్పారు. ఆ ముగ్గురి మాటా కలిసిన చోటునే నమ్మాను.

ముందు ఆ గదిలో పని ఎలా సాగేదో చెప్పాలి. మనిషిని కొలిచాక కత్తెరక్క కంప్యూటర్లో నమూనా గీస్తుంది: ముందుభాగం, వీపు, చేతులు, కాలరు. గోడవారగా ఉన్న పెద్ద యంత్రం ఆ నమూనాను కాగితపు చుట్ట మీద అసలు సైజులో గీస్తుంది. కార్ఖానాలో దాన్ని గీతల మిషను అంటారు. ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి కత్తిరిస్తారు. నమూనాలు గీసే ప్రోగ్రాం చాలా పాతది. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ప్రోగ్రాం మాత్రం తన కాలంనాటి విండోస్ మీద, ఇంచుమించు తనంత వయసున్న కంప్యూటర్లో, నిక్షేపంగా నడిచేది. పేటలోని వాలిన భుజాలన్నీ, వంగిన వీపులన్నీ ఆ ప్రోగ్రాం తప్ప వేరే ఏదీ చదవలేని ఫైళ్ళలో ఉన్నాయి.

ఆ గదికి ఒక ఆచారం కూడా ఉంది. నిలువు కొలత ఏదైనా సరే, ప్రోగ్రాంలో వేసేటప్పుడు మూరకు వేలెడు కలపాలి. కొత్తగా చేరినవారికి మొదట నేర్పేది అదే. ఎందుకని అడిగితే కాగితం కుదించుకుంటుందని ఒకరు, గుడ్డ ఉతికితే పొట్టవుతుందని ఇంకొకరు చెప్పేవారు. చాలామంది అడిగేవారే కాదు. బట్టలు సరిపోతున్నప్పుడు కారణాలతో ఎవరికి పని?

ఒక ఉదయం కంప్యూటరు మీట నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"పోయిందక్కా," అంది గుండీల పిన్ని, నాడి చూసినట్టు దాని మీద చెయ్యి వేసి.

"నోర్ముయ్. నిన్న సాయంత్రం దాకా బాగుంది."

"పోయేవాళ్ళంతా నిన్న సాయంత్రం దాకా బాగుండేవాళ్ళేగా."

కత్తెరక్క నవ్వలేదు. గదిలోని కాగితపు చుట్టలు, ఆగిపోయిన గీతల మిషను, తలుపు దగ్గర తన కొలతల కోసం వచ్చి నిలబడిన ఒక ముసలాయన. వీటన్నిటినీ ఒకసారి చూసి, టేపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. ఆమె పనివేళల్లో టేపు తీయడం ఎవరూ ఎరగరు.

కార్ఖానా యజమాని చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే రాయాలి, ఎందుకంటే కత్తెరక్క చెప్పే కథలో అతనికి కొమ్ములు మొలుస్తాయి. కార్ఖానాకు అతను కొత్త కంప్యూటర్లు తెప్పించింది ఆ మధ్యనే. వాటి ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. మిగతా పనులన్నీ వాటి మీద సాఫీగా సాగుతున్నాయి. విండోస్ కోసం రాసిన ప్రోగ్రాం వాటి మీద నడవదని మరమ్మతు చేసే మనిషి తేల్చి చెప్పాడు. కొత్త నమూనాల ప్రోగ్రాం తెస్తే అది పాత ఫైళ్ళను చదవదు. ఇదంతా విన్నాక ఏ వ్యాపారస్తుడైనా చేసే ఆలోచనే అతనూ చేశాడు.

"అక్కా, నా మాట విను. కొలతల గది తీసేద్దాం. బడి దుస్తులు, నర్సుల కోట్లు, మనకి చాలు. నాలుగు సైజులు, నాలుగు నమూనాలు. కటింగంతా నువ్వే చూసుకుందువుగాని."

"మరి నా వాళ్ళు?"

"నీ వాళ్ళెవరు?"

"ఆ నాలుగు సైజుల్లో పట్టనివాళ్ళు."

"చేత్తో గీసుకోరాదూ?"

"ఒక కోటు గీస్తాను, పది గీస్తాను. పేటంతటినీ మళ్ళీ మొదటినుంచీ గీయాలంటే ఇంకో జన్మ ఎత్తాలి. ఎత్తి ఇక్కడికే రమ్మంటావా?"

అతనికి ఒప్పుకున్న పని ఒకటి గుర్తొచ్చింది. బడిలో లెక్కలు చెప్పే టీచరు పదవీ విరమణ సభ వచ్చే శనివారం ఉంది. ఆవిడ వెన్ను చిన్నతనంలోనే వంగింది. సభకు వేసుకునే కోటు కార్ఖానా ఒప్పుకున్న పని. ఆవిడ నమూనాను కత్తెరక్క ఏళ్ళ తరబడి, కోటుకు కోటు, సరిదిద్దుతూ వచ్చింది.

"సరే. టీచరు పాత నమూనా బయటికి తీసి, దాంతో కోటు కుట్టి, శుక్రవారంలోగా సరిపోయిందని చూపించు. గది నీదే. లేదా శనివారం అందులో బడి దుస్తుల మూటలు పెట్టిస్తా. ఇంకేమీ అనుకోకు."

"అనుకుంటాను," అంది కత్తెరక్క. "కానీ తరవాత."

ఆమె కోడలు ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగి. అత్తలేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్నారు. ఆ ఇంట్లో ఇద్దరూ ఉన్నారు కాబట్టి వారి గుణాల మీద నేను తీర్పు చెప్పను. ఆ సాయంత్రం గిన్నెలు సర్దుతూ జరిగిన సంభాషణను మాత్రం ఇద్దరూ ఒకేలా చెప్పారు.

"ఏమే, చచ్చిన కంప్యూటర్ని బతికిస్తావా?"

"చచ్చినదాన్ని నేనేం బతికిస్తానత్తయ్యా? డిస్కు బాగుంటే అందులో ఉన్నది బయటికి తీస్తాను."

"తీసి?"

"కొత్తదాంట్లో పెడతాను."

"అందులో నడవదన్నాడుగా ఆ మరమ్మతు మహానుభావుడు."

"తనంతట తను నడవదు. మధ్యలో ఒక దుబాసీని పెడితే నడవచ్చు."

"నడవచ్చా, నడుస్తుందా?"

"నడవచ్చు."

"ఆసుపత్రిలో ఉండి ఉండి నీకూ డాక్టర్ల మాటలు పట్టుబడ్డాయే."

ఆ దుబాసీ సంగతి నాకు అర్థమైనంతలో చెబుతాను. ఏ ప్రోగ్రామైనా తన పని అంతా తనే చేసుకోదు. ఫైలు తెరువు, గీత గియ్యి, ఈ కాగితం ఆ యంత్రానికి పంపు అని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతూ ఉంటుంది. విండోస్ కోసం రాసిన ప్రోగ్రాం విండోస్ భాషలోనే అడుగుతుంది. లినక్స్ ఆ పనులన్నీ చేయగలదు. అడిగిన భాషే దానికి తెలియదు. మధ్యన కూర్చునే దుబాసీ కూడా ఒక ప్రోగ్రామే. ఇది అడిగినదాన్ని అది వినే మాటల్లో చెప్పి, అది ఇచ్చిన జవాబును ఇది నమ్మే రూపంలో తెచ్చి ఇస్తుంది. పాత ప్రోగ్రాం తాను పుట్టింట్లోనే ఉన్నాననుకుంటూ పని చేసుకుపోతుంది.

ఆదివారం మధ్యాహ్నం అత్తాకోడళ్ళు ఖాళీ కార్ఖానాలో కూర్చున్నారు. గుండీల పిన్ని కూడా వచ్చింది. సాయానికని ఆవిడ అంటుంది, చూడ్డానికని కోడలు అంటుంది. డిస్కు బాగానే ఉంది. ప్రోగ్రామూ ఫైళ్ళూ కొత్త కంప్యూటర్లోకి వచ్చాయి. మొదటిసారి నడిపిస్తే ఒక కిటికీ ఇలా తెరుచుకుని అలా మూసుకుపోయింది.

"మొహం చూపించి పోయింది," అంది పిన్ని.

"ఏదో తక్కువైంది. ఏం తక్కువైందో అదే చెప్తుంది, ఆగండి."

తక్కువైన భాగాన్ని కోడలు పాత డిస్కులోనే వెతికి తెచ్చింది. ఈసారి కిటికీ నిలిచింది కాని అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనబడ్డాయి. అక్షరాల ఫైళ్ళు కూడా తెచ్చి చేర్చాక డబ్బాలు మాటలయ్యాయి. కోడలు మొదటి ఫైలు తెరిచింది. తెర మీద ఒక వంపు గీత మెల్లగా పరుచుకుంది.

కత్తెరక్క కళ్ళజోడు నుదుటి మీదినుంచి కిందికి లాగింది. "అదిగోనే! టీచరు వీపు!"

"వీపు చూసి మనిషిని గుర్తుపట్టేస్తారా?"

"మొహాలదేముంది, అందరివీ ఒకటే."

ఇక మిగిలింది గీతల మిషను. పాత ప్రోగ్రాం దాన్ని, తీగ తగిలే చోటుకున్న ఒకే ఒక పాత దారిపేరుతో వెతుకుతుంది. కొత్త కంప్యూటర్లో ఆ పేరుగల దారి లేదు. కోడలు ఏదో టైపు చేసి, "కొత్త వీధికి పాత వీధి పేరు బోర్డు పెట్టాను, ఇక తప్పిపోదు" అంది. తరవాత ప్రోగ్రాం గీతల మిషను రకం అడిగింది. కోడలు లేచి వెళ్ళి, మిషను వెనక రేకు మీది దుమ్ము తుడిచి, అక్కడున్న రకాన్నే జాబితాలో ఎంచింది. మిషను ఒకసారి గుర్రుమంది. కాగితం కదిలింది. పెన్ను పరిగెత్తింది.

పిన్ని చప్పట్లు కొట్టింది. కత్తెరక్క కొట్టలేదు. బల్ల మీది టేపు తీసి మళ్ళీ మెడలో వేసుకుంది.

ఈ కథ ఇక్కడ ముగిసి ఉంటే ఇది కోడలి విజయం మాత్రమే అయ్యేది. కాని కార్ఖానాలో ఖరీదైన గుడ్డను కోసే ముందు ముతక గుడ్డతో ఒకటి కుట్టి తొడిగి చూస్తారు. బుధవారం టీచరు వచ్చి ఆ ముతక కోటు తొడుక్కుంది. నా భుజం కొలతల కోసం వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. చేతులు వేళ్ళను మింగేశాయి. వీపు వంపు కోసం గీసిన గుండ్రపు భాగం ఆ వంపును దాటి కిందికి జారి, ఖాళీ సంచిలా వేలాడింది.

టీచరు అద్దంలో చూసుకుని, "అక్కా, ఇందులో నేనూ, నా వెనక బెంచీ పిల్లలూ కలిసి పట్టేస్తాం" అంది.

యజమాని గుమ్మంలోంచే తల ఊపాడు. "చెప్పానా? ఆ దుబాసీ సగం అబద్ధాలు చెప్తోంది."

"దుబాసీ ఉన్నదున్నట్టే చెప్తుందండీ," అంది కోడలు. ఆసుపత్రినుంచి తినకుండానే వచ్చింది, గొంతులో అది తెలుస్తోంది. "నమూనాలోనే ఏదో తప్పుందేమో."

"నమూనా నాది," అంది కత్తెరక్క.

"అందుకే 'ఏమో' అన్నాను."

"ఇన్నేళ్ళూ టీచరుకి సరిపోయిన నమూనా, నీ పెట్టెలోకి రాగానే తప్పయిందా?"

గుండీల పిన్ని సూదిలో దారం ఎక్కిస్తూ, "ఆడలేక మద్దెల ఓడన్నారు. ఇక్కడ ఆడిందెవరో మద్దెలెవరో తేలట్లేదు" అంది.

నిష్పక్షపాతంగా చూస్తే ఇద్దరి వైపూ సాక్ష్యం బలంగానే ఉంది. ఆ నమూనాతో కుట్టిన కోట్లు టీచరు ఒంటికి అతికినట్టు ఉండేవి. అది మేమంతా చూసిందే. ఫైలు మారలేదు; అది కోడలు రెండు డిస్కులూ సరిపోల్చి చూపించింది. ఇద్దరి మాటా నిజమైతే తప్పు మరెక్కడో ఉండాలి. యజమాని మాత్రం ఆ విచారణకు ఆగలేదు. బడి దుస్తుల మూటలు రెండు అప్పుడే గది తలుపు పక్కకు చేరాయి.

కత్తెరక్క ఆ మూటల్ని చూసింది. అరుస్తుందని అందరం అనుకున్నాం. ఆమె గొంతు తగ్గింది.

"కోటు సంగతి వదిలెయ్. ఒక చదరం గీయించు. నిలువూ అడ్డమూ సమానం. అందులో నా పనితనమూ ఉండదు, నీ పనితనమూ ఉండదు."

కోడలు గీయించింది. కత్తెరక్క దాన్ని కత్తిరించి, టేపు ముట్టకుండా, మూల మీదికి మూల తెచ్చి ఐమూలగా మడిచింది. కొత్త కొలబద్ద వచ్చినా, కొత్త కాగితం వచ్చినా ఆమె చేసే పరీక్ష అది. అంచులు రెండూ అతుక్కున్నట్టు కలిశాయి.

"మిషను నిజమే చెప్తోంది," అంది. ఆ మాట ఆమెకు రుచించలేదు.

తరవాత కొక్కేనికి వేలాడుతున్న పాత కాగితాల్లోంచి ఒక జేబు నమూనా తీసింది. అది చదరపు జేబు. మడిస్తే దాని అంచులూ కలిశాయి. "ఇదీ నిజమే. ఇదే జేబు ఇప్పుడు గీయించు."

కొత్తగా గీసిన జేబు నిలువుగా సాగి వచ్చింది. మడిస్తే ఒక అంచు మీద కాగితం నాలుకలా బయటికి మిగిలింది.

కోడలు తెరకు దగ్గరగా వంగింది. "అత్తయ్యా, మీరు చదరం అంటున్నారు. లోపల మీరు వేసిన కొలతలో నిలువు ఎక్కువుంది."

"మూరకు వేలెడు కలిపానుగా."

"ఎందుకు కలిపారు?"

"ఎందుకేమిటి, కలపాలి."

"అదే, ఎందుకు?"

జవాబు కోసం కత్తెరక్క పిన్ని వైపు చూసింది. పిన్ని, "కాగితం కుదించుకుంటుందనుకుంటా" అంది. "ఉతికితే అన్నారే?" అన్నాడు యజమాని. కత్తెరక్క ఇద్దరినీ వదిలేసి గీతల మిషను మీద చెయ్యి వేసింది. అది కార్ఖానాకు వచ్చిన రోజులు మెల్లగా ఆమెకు గుర్తుకొచ్చాయి.

"మొదటి చొక్కా పొట్టిగా వచ్చింది," అంది. "రెండోదీ పొట్టే. బిగించినవాడు అప్పటికే వెళ్ళిపోయాడు. పిలిస్తే రాలేదు. అడ్డం సరిపోతోంది, నిలువు తగ్గుతోంది. ఎంత తగ్గుతోందో వేలుతో చూసి, అంత కలిపెయ్యమన్నాను. చెప్పింది నేనే."

కోడలు అప్పటికే పాత డిస్కులో వెతుకుతోంది. "దొరికింది. అతను జాబితాలో ఈ మిషన్ని ఎంచలేదు. దీని పేరు పక్కనే ఉన్న అన్నగారిని, అంటే కొలతలు వేరే ఉన్న ఇంకో రకాన్ని, ఎంచాడు. అందుకే నిలువు కుదించి గీసింది. నేను రేకు చూసి అసలుదాన్ని ఎంచాను."

"అంటే?" అన్నాడు యజమాని.

"అంటే ఇన్నేళ్ళూ మిషను ఒక అబద్ధం చెప్పింది, అత్తయ్య దానికి ఇంకో అబద్ధం కలిపారు, కోట్లు నిజమయ్యాయి. ఇప్పుడు మిషను మారుమనసు పొందింది. అత్తయ్య ఒక్కరే మిగిలారు."

యజమానికి నవ్వు ఆగలేదు. కత్తెరక్క కోడలి వంక ఉరిమి చూసి, ఆ తరవాత తనే అందరికంటే గట్టిగా నవ్వింది.

దగ్గరి దారి ఒకటుంది, కోడలే చెప్పింది. జాబితాలో మళ్ళీ ఆ అన్నగారినే ఎంచితే పాత తప్పు తిరిగొస్తుంది, నమూనాలన్నీ ఉన్నవున్నట్టే సరిపోతాయి. ఒక్క నొక్కుతో అయిపోయే పని. యజమాని సరేనన్నాడు. కత్తెరక్క ఒప్పుకోలేదు.

"పాత అబద్ధాన్ని కొత్తింట్లో కాపురం పెట్టించమంటావా? రేపు నా బల్ల మీదికి వచ్చే పిల్ల మళ్ళీ వేలెడు ఎందుకని అడిగితే ఉతికితే పొట్టవుతుందని చెప్పాలా? ఆ వేలు నాది. పెట్టింది నేను, తీసేదీ నేనే."

అది మొండితనమని అప్పుడు నాకు అనిపించింది. మరునాడు ఆమె పని చూశాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను. నిలువును ఒకే పాళ్ళలో తగ్గించే వీలు ఆ ప్రోగ్రాంలోనే ఉంది. ఎంత తగ్గించాలో జేబు కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి ఆమె తేల్చింది. ఆ లెక్కను ఎలా వేయాలో కోడలు చూపించింది. ముందు టీచరు కోటు. ఆ తరవాత వరసగా పేట మొత్తం. గురువారం మధ్యాహ్నానికి టీచరు వీపు కాగితం మీదికి మళ్ళీ వచ్చింది. ముతక గుడ్డ పరీక్షకు వ్యవధి లేదు. కత్తెరక్క నీలం ఉన్ని గుడ్డ పరిచి, కత్తెర చేతిలోకి తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా కోసేసింది.

శుక్రవారం కొలతల గదిలో ఇసుక వేస్తే రాలనంతమంది ఉన్నారు. మిషన్లు వదిలి కుట్టేవాళ్ళు వచ్చారు. ఇస్త్రీ పెట్టె చల్లారుతున్నా ఎవరూ వెళ్ళలేదు. టీచరు ఒక చెయ్యి దూర్చింది, రెండో చెయ్యి దూర్చింది. కత్తెరక్క వెనకనుంచి కాలరు సర్ది, చేతులు తీసేసి, ఒక అడుగు వెనక్కి వేసింది.

కోటు టీచరు మీద వాలి, అక్కడే నిలిచిపోయింది. వీపు మీద వంపు తన చోటు తను వెతుక్కున్నట్టు కూర్చుంది. చేతులు మణికట్టు దగ్గర ఆగాయి. కింది అంచు ముందూ వెనకా ఒకే గీత.

టీచరు అద్దానికి వీపు తిప్పి, చిన్న అద్దం అడిగి తీసుకుని, తన వెనక భాగాన్ని తనివితీరా చూసుకుంది. అంతకుముందు ఏ కోటుకూ ఆవిడ అలా చూసుకోలేదని పిన్ని నా చెవిలో చెప్పింది.

"సమానం," అంది టీచరు, నల్లబల్ల ముందు చెప్పినట్టు. "మార్కులు పూర్తిగా వేశాను."

"ఎవరికి?" అంది కత్తెరక్క వెంటనే.

"ఇద్దరికీ కలిపి. పంచుకోండి."

"కలిపి వద్దు టీచరుగారూ, పంపకాల దగ్గరే మా ఇంట్లో గొడవలు," అంది కోడలు. గది గొల్లుమంది.

యజమాని జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చి కోటు అంచు పట్టుకుని చూశాడు, భుజం కుట్టు చూశాడు, తెర మీద వెలుగుతున్న పాత ప్రోగ్రామునూ చూశాడు. తరవాత తలుపు పక్కనున్న మూటల దగ్గరికి వెళ్ళి, "ఇవి ఇక్కడెవరు పెట్టారు? దారికడ్డం! తీయండి తీయండి!" అని కేకలేశాడు. న్యాయంగా చెప్పాలంటే, ఓటమిని అంత హుందాగా ఒప్పుకున్నవారు తక్కువ.

"నాలుగు సైజుల్లో పట్టేవాళ్ళని పిలువు, వాళ్ళు మోస్తారు," అంది కత్తెరక్క.

మడిచిన ఆ చదరపు కాగితం ఇప్పుడు గీతల మిషను పైన గోడకు గుచ్చి ఉంది. గుండీల పిన్ని ఇప్పటికీ కొలత రాసేటప్పుడు అలవాటుగా చూపుడువేలు అడ్డం పెడుతుంది, కత్తెరక్క దాని మీద చిన్న దెబ్బ వేస్తుంది. ఆ శుక్రవారం మాత్రం కంప్యూటరు పోయిన రోజున వెనక్కి వెళ్ళిపోయిన ముసలాయన, కబురు ఎలా తెలిసిందో, గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. ఒక చెయ్యి పొట్టి కావడం వల్ల దాన్ని వీపు వెనక దాచుకున్నాడు.

కత్తెరక్క మెడలోంచి టేపు లాగింది.

"చెయ్యి ముందుకు తేవయ్యా. ఈ గదిలో దాచుకునేవాళ్ళకి చోటు లేదు. కదలకుండా నిలబడు."

ఆయన నిటారుగా నిలబడ్డాడు.